చేయి ముందా, తల ముందా? — మానవ పరిణామ చరిత్రలో శ్రమ స్థానం

(ఫరీదాబాదులో తెలుగు కార్మికుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై మనం సాధారణంగా మాట్లాడుకొనేది వేతనాలు, బోనసు, పనిగంటలు, ప్రావిడెంటు ఫండు. అటువంటి చోట కోతుల గురించీ, పాత ఎముకల గురించీ ప్రసంగించడమేమిటని కొందరికి తోచవచ్చు. అందుకు కారణం చెప్పి మొదలుపెడతాము.

గడచిన తరగతి ముగిసిన పిమ్మట ఒక సోదరుడు మమ్మల్ని ప్రక్కకు పిలిచాడు. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఇక్కడ లేతు మిషనుపై పని చేస్తున్నవాడు. "మాస్టారూ, మా పాప పదో తరగతి చదువుతున్నది. మనిషి కోతినుండి పుట్టినాడా నాన్నా అని అడిగింది. ఏమి చెప్పాలో తెలియలేదు. ఈ ఏడుతో దాని చదువు ఆగిపోతుందేమోనని భయంగా ఉన్నది. ఆగిపోయే లోపల ఈ ఒక్క సంగతైనా సరిగా చెప్పాలని ఉన్నది" అన్నాడు. ఆ తండ్రి మాట మా మనస్సులో నిలిచిపోయినది. నేటి ప్రసంగం ఆ తండ్రి కొరకు, ఆ బిడ్డ కొరకు.

తాత కాదు, పెదనాన్న బిడ్డ

మనిషి నేటి కోతినుండి పుట్టలేదు. ఏ శాస్త్రజ్ఞుడూ అట్లా చెప్పలేదు. మన ఇంటి మాటలలో చెప్పాలంటే, చింపాంజీ మనకు తాత కాదు, పెదనాన్న బిడ్డ వంటిది. మనకూ దానికీ తాత ఒక్కడే. ఆ తాత అరవై డెబ్బది లక్షల సంవత్సరాల క్రితం ఆఫ్రికాలో జీవించిన ఒక వానరజాతి. ఆ జాతి సంతతిలో ఒక శాఖ చింపాంజీలకూ, మరియొక శాఖ మనకూ దారితీసినది. కనుక "కోతి మనిషి అయితే, నేటి కోతులు మనుషులెందుకు కావడం లేదు?" అనే ప్రశ్న, "మనమంతా ఒకే తాత సంతతి అయితే పెదనాన్న పిల్లలు ఇంకా ఎందుకు ఉన్నారు?" అని అడగడం వంటిది.

ఈ మార్పు ఎట్లా జరుగుతుంది? ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ ఒక్క తీరుగా ఉండవు. వాటిలో ఆనాటి పరిస్థితులకు ఇమిడినవి బ్రతికి, ఎక్కువ సంతానాన్ని కంటాయి. వాటి లక్షణాలు తరువాతి తరంలో పెరుగుతాయి. వేల తరాలు, లక్షల తరాలు గడిచేసరికి జాతియే మారిపోతుంది. ఛార్లెస్ డార్విన్ 1859లో చెప్పిన ప్రకృతివరణం సారాంశం ఇదే.

2018 జనవరిలో నాటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం చూచామని మన పూర్వీకులెవ్వరూ చెప్పలేదనీ, వ్రాయలేదనీ, కనుక డార్విన్ సిద్ధాంతం తప్పనీ ప్రకటించారు. దేశంలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు ఉమ్మడి ప్రకటనతో దానిని ఖండించాయి. లక్షల ఏండ్లలో జరిగినదానిని ఒక్క జన్మలో ఎవరు చూడగలరు? కాని, చూడదగినంత వేగంగా జరిగే పరిణామం కూడ కలదు. మన బస్తీలలో క్షయరోగానికి మందులు మధ్యలో మానివేసినవారి సంగతి మీకు తెలుసు. బలహీనమైన క్రిములు చస్తాయి, మందును తట్టుకోగలిగినవి మిగిలి పిల్లలను పెడతాయి. కొంతకాలానికి ఆ మందు పనిచేయదు. అది ప్రకృతివరణమే. మనం దానిని మంత్రిగారి కాలంలోనే, మన వాడలోనే చూస్తున్నాము.

సాక్ష్యం మన శరీరంలోనే మరియొకటి ఉన్నది. కుక్క, ఆవు తమకు కావలసిన సి విటమినును తమ శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేము, ఉసిరికాయో, నిమ్మకాయో, జామకాయో తినవలసిందే. ఆ విటమినును తయారుచేసే జన్యువు మనలో లేకపోలేదు, చెడిపోయి ఉన్నది. చింపాంజీలోను, గొరిల్లాలోను అది చెడిపోయే ఉన్నది. అచ్చాపీసులో పనిచేసే సోదరులకు ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. రెండు పుస్తకాలలో ఒకే పుటలో, ఒకే వాక్యంలో, ఒకే అచ్చుతప్పు కనబడితే ఏమనుకుంటారు? రెండూ ఒకే మూలప్రతిని చూచి కూర్చినవని అనుకుంటారు. ఇదీ అంతే.

గనిలో దొరికిన పూర్వబంధువులు

ఈ కథ ఎంత దూరం వెనుకకు పోతుందో చూడండి. గుజరాతులోని సూరత్ జిల్లాలో వస్తాన్ అనే చోట లిగ్నైటు గని ఉన్నది. ఆ బొగ్గుపొరల నడుమ మట్టిలో 5 కోట్ల 45 లక్షల సంవత్సరాల నాటి చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి. మన దేశపు శాస్త్రజ్ఞులూ, విదేశీ శాస్త్రజ్ఞులూ కలిసి వాటిని పరిశీలించి, 2016లో 25 కాలుసేతుల ఎముకల వివరాలు ప్రకటించారు. అవి ఎలుకంత మొదలు ఉడుతంత వరకు ఉండే ఆదిమ ప్రైమేట్లవి. ప్రైమేట్లంటే కోతులు, కొండముచ్చులు, వానరాలు, మనుషులు చేరిన వర్గం. ఆనాటికి భారతదేశం ఆసియాతో ఇంకా పూర్తిగా అతుక్కొనని భూఖండం. హిమాలయాలు లేవు.

ఆ వర్గానికి గుర్తులేమిటి? కొమ్మను పట్టుకోగలిగిన చేయి. ముందుకు చూచే రెండు కండ్లు. గోళ్లు వాడిగా వంకర తిరగక బల్లపరుపుగా ఉండడం. మీరు స్పానరు పట్టుకొనే పట్టు, తాపీ పట్టుకొనే పట్టు, సూదిలో దారమెక్కించే వ్రేళ్ల ఒడుపు, వీటన్నిటికీ మొదటి పునాది చెట్టుకొమ్మ మీద పడినది.

చేయి ముందా, తల ముందా?

ఇక అసలు వివాదానికి వస్తాము. వానరం మనిషిగా మారిన క్రమంలో ముందు మారినదేమిటి? మెదడా, కాలా, చేయా?

పండితులు చాలాకాలం మెదడే ముందని నమ్మారు. ముందు తెలివి పెరిగినది, ఆ తెలివి చేతికి పని నేర్పినదని వారి భావన. 1876లో ఫ్రెడరిక్ ఏంగెల్స్, వానరం మనిషిగా మారడంలో శ్రమ నిర్వహించిన పాత్రను గురించి ఒక వ్యాసం వ్రాయ మొదలుపెట్టాడు. అది అసంపూర్తిగా మిగిలి, ఆయన మరణానంతరం 1896లో అచ్చయినది. నిటారుగా నడవడం ముందు, దానివలన చేయికి స్వేచ్ఛ లభించడం తరువాత, ఆ చేతిపనితోపాటు మెదడు పెరగడం ఆ పైన, అని ఆయన వాదించాడు. చేసేవారు కొందరు, చేయించేవారు కొందరుగా సమాజం చీలినప్పుడు, ఘనత అంతా తలకు కట్టబెట్టి చేతిని చిన్నచూపు చూడడం అలవాటైనదని కూడ అన్నాడు.

ఆ అలవాటు శాస్త్రాన్ని ఎంత పెడదారి పట్టించినదో వినండి. 1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్ వద్ద ఒక పుర్రె దొరికినదని ప్రకటించారు. మెదడు భాగం మనిషిది, దవడ వానరానిది. మెదడే ముందు పెరిగినదనడానికి రుజువు దొరికినదని పెద్దలు సంతోషించారు. నలభై ఏండ్లకు, 1953లో, అది వట్టి మోసమని తేలినది. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడను జోడించి, పళ్లను ఆకురాయితో అరగదీసి, రంగు పూసి పాతిపెట్టారు. ఆకురాయి గుర్తులను ముందే గమనించడానికి ఒక్క ఫిట్టరును పిలిచి ఉన్నా సరిపోయేది.

ఆ మోసం నడుస్తున్న రోజులలోనే నిజమైన సాక్ష్యం వచ్చినది. 1924లో దక్షిణాఫ్రికాలోని టౌంగ్ వద్ద సున్నపురాయి క్వారీలో పనివారు రాయి పేల్చుతుండగా ఒక పసిబిడ్డ పుర్రె బయటపడినది. జొహాన్నెస్‌బర్గులో శరీరశాస్త్రం బోధించే రేమండ్ డార్ట్ దానిని పరీక్షించాడు. మెదడు చిన్నది, వానరమంత. కాని వెన్నుపాము తలలోనికి ప్రవేశించే రంధ్రం పుర్రె అడుగున ఉన్నది. అంటే ఆ బిడ్డ తల వెన్నుపై నిలువుగా నిలిచినది, రెండు కాళ్లపై నడచిన జాతిది. 1925లో డార్ట్ ఈ మాట చెప్పితే పండితలోకంలో అత్యధికులు చాలా ఏండ్లు ఒప్పుకొనలేదు. వారి మనస్సులో పిల్ట్‌డౌన్ కూర్చొని ఉన్నది.

తరువాత సాక్ష్యాలు వరుసగా వచ్చాయి. 1974లో ఇథియోపియాలో 'లూసీ' అని పేరుపడిన అస్థిపంజరం దొరికినది. 32 లక్షల సంవత్సరాల నాటిది. చిన్న మెదడు, నిటారు నడక. 1978లో టాంజానియాలోని లేటోలీ వద్ద మేరీ లీకీ బృందం అగ్నిపర్వతపు బూడిదలో అచ్చుపడిన పాదాల జాడలను కనుగొన్నది. అవి 36 లక్షల ఏండ్ల నాటివి, వాటిలో మన పాదాలవలెనే మడమ, వంపు, బొటనవ్రేలు ఉన్నాయి. కెన్యాలోని లొమెక్వి వద్ద దొరికిన రాతి పనిముట్లు 33 లక్షల ఏండ్ల నాటివని 2015లో ప్రకటించారు. మెదడు పెద్దది కావడం వీటన్నిటికంటే ఎంతో తరువాతి సంగతి. చింపాంజీ మెదడు సుమారు 400 ఘనపు సెంటీమీటర్లు, లూసీ జాతిది దానికి కొంచెం ఎక్కువ, మనది సుమారు 1,350.

కాలు ముందు, చేయి తరువాత, తల ఆ పైన. క్రమం అదే.

అయితే ఏంగెల్స్ చెప్పినదంతా అక్షరాలా నిలిచినదని మేము చెప్పము. పనివలన చేతికి వచ్చిన నేర్పు నేరుగా బిడ్డలకు సంక్రమిస్తుందని ఆనాడు చాలమందివలెనే ఆయనా భావించాడు. అది తప్పని నేడు తెలుసు. కమ్మరి కండలు కమ్మరి కొడుక్కి పుట్టుకతో రావు. మన పూర్వీకుల జన్మస్థలం హిందూమహాసముద్రంలో మునిగిన ఖండమై ఉండవచ్చునని కూడ ఆయన వ్రాశాడు. అది ఆఫ్రికా అని ఋజువైనది. డార్విన్ 1871లోనే ఆఫ్రికా వైపు వ్రేలు చూపాడు. గౌరవనీయుడు చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఈ సూత్రం మన పట్ల కూడ వర్తిస్తుంది.

నిటారు నడకకు మనం చెల్లించిన వెల కూడ ఉన్నది. నాలుగు కాళ్లపై వంతెనవలె నిలువవలసిన వెన్ను స్తంభమై నిలిచినది. అందువలన నడుమునొప్పి మనిషికి తేలికగా వస్తుంది. అయితే తలపై ఇటుకలు మోయించి, పనిచోట యంత్రం పెట్టని యజమాని ఈ మాటను అడ్డుపెట్టుకొని తప్పించుకొనడానికి వీలులేదు. వెన్ను బలహీనమని తెలిసిన తరువాత బరువు తగ్గించే బాధ్యత ఇంకా పెరుగుతుంది.

రామపిథెకస్ నేర్పిన పాఠం

మన దేశానికి చెందిన ఒక ఉదంతం కలదు. 1932లో హిమాచల్ ప్రాంతంలోని హరితల్యాంగర్ వద్ద, శివాలిక్ కొండలలో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన ఎడ్వర్డ్ లూయిస్‌కు ఒక పైదవడ ముక్క దొరికినది. రాముని పేర దానికి 'రామపిథెకస్' అని నామకరణం చేశాడు. 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్‌బీమ్ అనే శాస్త్రజ్ఞులు ఇదే మానవుని తొలి పూర్వీకుడని వాదించారు. అంటే మానవజాతి మొదటి గుర్తు భారత భూమిలో దొరికినట్లే. ఎంతటి గర్వకారణం!

కాని 1967లో సారిచ్, విల్సన్ అనే ఇద్దరు రక్తంలోని మాంసకృత్తులను పోల్చి, మనిషీ ఆఫ్రికా వానరాలూ వేరుపడి యాభై లక్షల ఏండ్లు మాత్రమే అయినదన్నారు. అంతకంటే ఎంతో పాతదైన రామపిథెకస్ మానవ పూర్వీకుడు కాజాలదు. పెద్ద వాదన జరిగినది. ఆ పిమ్మట పాకిస్తానులోని పొట్వార్ పీఠభూమిలో అదే వర్గానికి చెందిన ముఖభాగం దొరికినది. అది ఒరాంగుటాన్ ముఖానికి దగ్గర. 1982లో ఆ సంగతి ప్రకటించినది మరెవరో కాదు, పిల్‌బీమే. తాను ఎన్నో ఏండ్లు నిలబెట్టిన మాటను తానే వదులుకొన్నాడు. రామపిథెకస్ అనే పేరు శివపిథెకస్ అనే పేరులో కలిసిపోయినది.

దేశానికి అవమానం జరిగినదని ఎవరూ ఊరేగింపు తీయలేదు. తీయనక్కరలేదు కూడ. అబద్ధపు గర్వం పోయినది, నిజమైన బంధుత్వం ఒకటి తెలిసినది. ఆ కొండలు ఇంకా కొత్త సాక్ష్యాలనిస్తూనే ఉన్నాయి. జమ్మూ ప్రాంతంలోని రామనగర్ వద్ద 2015లో దొరికిన ఒక్క దంతాన్ని పట్టుకొని, 1 కోటి 30 లక్షల ఏండ్ల నాటి గిబ్బను పూర్వీకుని జాతిని గుర్తించి, 2020లో దానికి 'కపి' అని పేరు పెట్టారు.

మనం కూర్చున్న చోట

ఇప్పుడు దూరదేశాలు వదలి, మనం కూర్చున్న ఈ ఫరీదాబాదు వద్దకే వస్తాము. ఇక్కడికి కొద్ది దూరంలో ఆరావళి కొండలలో అనంగ్‌పూర్ అనే గ్రామం ఉన్నది. అక్కడ రాతియుగపు మానవులు గట్టి క్వార్ట్‌జైటు రాతిని చెక్కి చేసిన చేతిగొడ్డళ్లు దొరికాయి. 1956లోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం ద్వారం సమీపాన రిడ్జి మీద అటువంటి పనిముట్లు కనబడ్డాయి. 1986లో దిలీప్ కె. చక్రవర్తి, నయన్‌జోత్ లాహిరి ఢిల్లీ, హర్యానా కొండలలో తిరిగి 43 రాతియుగపు స్థలాలను గుర్తించారు. 1990ల ఆరంభంలో పురావస్తుశాఖ అనంగ్‌పూర్‌లో త్రవ్వకాలు జరిపినది. పనిముట్లు, వాటిని చెక్కుతుండగా రాలిన పెచ్చులు, సగంలో విడిచిన రాళ్లు దొరికిన చోటు అది. మన మాటలో చెప్పాలంటే అది ఒక కార్ఖానా. ఈ మహానగరంలో ఇంద్రప్రస్థం కంటే, సుల్తానుల కోటల కంటే పాతది ఏదైనా ఉన్నదంటే, అది రాళ్లు కొట్టిన శ్రామికుని పనిచోటు.

ఆ కొండలే మరొక చరిత్ర కూడ చూచాయి. 1980లలో ఫరీదాబాదు జిల్లా రాతి క్వారీలలో ఇతర రాష్ట్రాల నుండి తెచ్చిన కూలీలను అప్పుల పేర కట్టుబానిసలుగా ఉంచారు. త్రాగడానికి మంచినీరు లేదు, పీల్చడానికి గాలి లేదు, క్రషర్ల దుమ్మే. బంధువా ముక్తి మోర్చా వ్రాసిన లేఖనే సుప్రీంకోర్టు దరఖాస్తుగా స్వీకరించి, 1983 డిసెంబరు 16న చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చినది. లక్ష ఏండ్లకు పూర్వం ఈ కొండపై రాయి కొట్టినవాడు తన పనిముట్టుకు తానే యజమాని. 1983లో అదే కొండపై రాయి కొట్టినవాడు తన శరీరానికి కూడ యజమాని కాడు. ఈ పతనానికి ప్రకృతివరణం కారణం కాదు. అది మనుషులు చేసిన ఏర్పాటు. మనుషులు చేసినదానిని మనుషులే మార్చగలరు.

మన తెలుగునేల కూడ ఈ చరిత్రకు దూరం కాదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచెర్ల దాపున బిల్లసర్గం గుహలను త్రవ్వించాడు. బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు లోయలోని జ్వాలాపురం వద్ద, సుమత్రాదీవిలో 74 వేల ఏండ్ల క్రితం పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిదపొర ఉన్నది. ఆ పొరకు క్రిందా, పైనా కూడ రాతి పనిముట్లు దొరికినట్లు 2007లో ప్రకటించారు. ఆకాశం కమ్మిన ఆ ఉత్పాతం తరువాత కూడ అక్కడ చేయి పని ఆగలేదన్నమాట.

'బలవంతునిదే రాజ్యమా?'

యజమానుల పక్షాన ఒక మాట తరచు వినబడుతుంది. "బలవంతుడు నిలుస్తాడు, బలహీనుడు నశిస్తాడు, ఇది డార్విన్ చెప్పిన ప్రకృతి ధర్మం" అని. సమర్థులే మిగులుతారనే ఆ పదబంధం మొదట హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడినది. డార్విన్ తరువాత దానిని తీసుకున్నాడు. ఆయన దృష్టిలో తగినవాడంటే కండబలం కలవాడు కాదు, పరిస్థితికి ఇమిడినవాడు. పరస్పర సానుభూతి కలవారు అధికంగా ఉన్న సమూహాలే వర్ధిల్లుతాయని కూడ ఆయన 1871లో వ్రాశాడు.

జార్జియా దేశంలోని ద్మానిసి వద్ద సుమారు 18 లక్షల ఏండ్ల నాటి ఒక వృద్ధుని పుర్రె దొరికినది. ఒక్క పన్ను తప్ప అన్నీ రాలిపోయి, చిగుళ్ల ఎముక పూడిపోయి ఉన్నది. అంటే పళ్లు పోయిన తరువాత కూడ అతడు కొన్ని ఏండ్లు బ్రతికాడు. నిప్పుపై వండుకొన్న ఆనవాళ్లు లేని ఆ కాలంలో నమలలేనివాడు ఎట్లా బ్రతికాడు? తోటివారు మెత్తని ఆహారం ఏరి పెట్టి ఉంటారని పలువురు శాస్త్రజ్ఞుల భావన. పనిచేయలేనివానిని పోషించడం నేడు మనం కోరుతున్న పింఛనుకన్నా ఎంతో పాత సంప్రదాయం.

ఇక కులాల సంగతి. మన జాతి పుట్టి సుమారు మూడు లక్షల ఏండ్లు. ఆఫ్రికానుండి బయలుదేరినవారే ప్రపంచమంతా నిండారు, త్రోవలో నియాండర్తాలులవంటి పాత జాతులతో కొంత కలిశారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి 2009లోను, 2013లోను వెల్లడించిన పరిశోధనల ప్రకారం, భారతీయులలో దాదాపు అన్ని సమూహాలూ ప్రాచీన జనుల కలయికవలన ఏర్పడినవే. ఆ కలయిక 4,200 ఏండ్ల క్రితం మొదలు 1,900 ఏండ్ల క్రితం వరకు విస్తారంగా జరిగినది. తరువాతనే తలుపులు మూసుకున్నాయి. మూడు లక్షల ఏండ్ల చరిత్రలో ఈ రెండువేల ఏండ్లు ఎంత? ఒక షిఫ్టులో చివరి మూడు నాలుగు నిమిషాలు. ఆ చివరి నిమిషాలలో వేసిన గొళ్లేన్ని సృష్ట్యాదినుండి ఉన్నదని మనకు చెబుతున్నారు.

పాఠం ఎవరికి లేకుండా పోయినది?

ఇక్కడనే ఆ పదవ తరగతి బిడ్డ ప్రశ్నకు తిరిగి వస్తాము. ఇదే ఢిల్లీలోని జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అనగా ఎన్.సి.ఇ.ఆర్.టి., 2022లో కోవిడ్ తరువాత విద్యార్థులపై భారం తగ్గించే పేరుతో పాఠ్యాంశాలను కుదించినది. పదవ తరగతి విజ్ఞానశాస్త్రంలో 'అనువంశికత, పరిణామం' అనే అధ్యాయం 'అనువంశికత'గా మిగిలినది. పరిణామం, శిలాజాలు, మానవుని పుట్టుక తొలగిపోయాయి. 2023లో పుస్తకాలు ఆ ప్రకారమే అచ్చయ్యాయి. ఒకే ఇంటిలో అన్న చదివిన పుస్తకంలో ఉన్న పుటలు చెల్లెలు చదివిన పుస్తకంలో లేవు. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, విద్యావంతులు 2023 ఏప్రిల్‌లో బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. పన్నెండవ తరగతిలో ఆ పాఠం పూర్తిగా ఉన్నది కదా అని ప్రభుత్వం సమాధానమిచ్చినది.

పన్నెండవ తరగతిలో ఉన్న మాట నిజమే. కాని అది జీవశాస్త్రం తీసుకున్నవారికి. కామర్సు తీసుకున్న బిడ్డకు లేదు. ఐ.టి.ఐ.లో చేరిన బిడ్డకు లేదు. పదవ తరగతితో చదువు చాలించి కుట్టుమిషను ముందు కూర్చొనే బిడ్డకు అసలే లేదు. డాక్టరు కాబోయే పిల్లవాడు ఎట్లాగూ చదువుతాడు. పాఠం లేకుండా పోయినది మన పిల్లలకు. చేయి చరిత్ర తెలియకుండా పోయినది ఆ చేతిని అమ్ముకొని బ్రతకబోయేవారికే. భారం తగ్గించదలచినవారు ఎవరి భుజాలనుండి ఏమి దించారో ఆలోచించవలసి ఉన్నది.

మన కర్తవ్యం

కనుక మా సూచనలు మూడు. మొదటిది: పాఠ్యపుస్తకాలపై జరిగే ఏ చర్చలోనైనా, పదవ తరగతిలోపు ప్రతి విద్యార్థికీ పరిణామ సిద్ధాంతం బోధించాలనే కోర్కెను ఫెడరేషను తన తీర్మానాలలో చేర్చాలి. ఉపాధ్యాయ సంఘాలతో కలిసి దీనిని ముందుకు తీసుకుపోవాలి. రెండవది: అన్నల పాత పుస్తకాలను కాగితాలవానికి తూకానికి వేయవద్దు. యూనియను ఆఫీసులో ఒక బీరువా పెట్టి వాటిని దాచుదాం, పిల్లలకు ఇద్దాం. మూడవది: రానున్న సెలవు దినాలలో ఒకనాడు పిల్లలతో కలిసి ఆరావళి కొండలకు పోదాం. రాళ్లు ఏరి తేవద్దు, అవి జాతి సంపద, ఉన్నచోటనే ఉండాలి. చూచి వద్దాం.

ఆ శ్రీకాకుళం సోదరునికి మా సమాధానం ఇది. అయ్యా, ఇంటికి పోయి మీ పాపను ప్రక్కన కూర్చోబెట్టుకోండి. మీ కుడిచేయి ఆమెకు చూపండి. బొటనవ్రేలు తక్కిన నాలుగు వ్రేళ్లను ఒక్కొక్కటిగా ఎట్లా తాకుతుందో చూపండి. ఈ పట్టు కొమ్మమీద మొదలై కోట్ల ఏండ్లయినదనీ, ఈ చేయి రాయి చెక్కడం నేర్చిన తరువాతనే మనిషి తల ఇంత పెరిగినదనీ, చేతిపని చేసేవాడు ఎవరికీ తక్కువ కాడనీ చెప్పండి. కోతినుండి పుట్టామా అని అడిగితే, కాదమ్మా, కోతులూ మనమూ ఒకే ఇంటివాళ్లమని చెప్పండి. ఆ తరువాత, ఏ కష్టమైనా పడి, ఆమె చదువు మాత్రం ఆపకండి. ఆ విషయంలో యూనియను మీ వెంట ఉంటుంది.

 ఇక మీ ప్రశ్నలు అడగవచ్చును.